కరిగి మళ్ళీ పేరిన జున్ను

చేతిలోని కలశంలో ఏమున్నదో తెలిసి పట్టుకున్న వైద్యుడు ధన్వంతరి. ఆ స్వామికి నమస్కరించి, తెలియక పట్టుకున్న వారి కథ చెబుతున్నాను.

అది డెబ్భై నాలుగో సంవత్సరం. విజయవాడ వన్ టౌన్‌లో కాపురముంటున్న డాక్టర్ ఛాయాదేవి ఆ ఉదయం ఏడింటికే కళాశాల ప్రయోగశాలకు చేరింది. ఒంట్లోకి వచ్చే రోగాలను ఎదిరించే యాంటీబాడీలో బరువు గొలుసులు, తేలిక గొలుసులు అనే ప్రొటీన్లుంటాయి. కంకిపాడు రైతు శౌరయ్యకున్న ఎముకల జబ్బు వల్ల ఆ తేలిక గొలుసులు మూత్రంలో దిగుతున్నాయని ఆమె వ్యాసం రాసింది.

"ఆల్బుమిన్ అనే మామూలు ప్రొటీన్‌కి ఇంత హడావుడి ఎందుకమ్మా?" అని ప్రొఫెసర్ కృపానందం సంతకానికి మొరాయించారు. తేలిక గొలుసైతే వేడికి తెల్లగా పేరి, మరిగితే కరిగి, చల్లారితే మళ్ళీ పేరుతుంది. ఆల్బుమిన్ ఒకసారి పేరితే ఇక కరగదు. ఆ పరీక్ష ఆయన కళ్ళెదుట నెగ్గితేనే వ్యాసం మధ్యాహ్నపు టపాలో ఢిల్లీ సదస్సుకు వెళ్తుంది. గడువు ఆనాటితో సరి.

శౌరయ్య ఒక రోజు మూత్రమంతా పట్టి, బూడిదతో తోమిన పాలక్యానులో తొలి బస్సుకే తెచ్చాడు. కాని కళాశాల గేటు దగ్గర కాపలాదారు "క్యాన్‌లో ఏంటయ్యా?" అనేసరికి సిగ్గుతో చచ్చి, తిన్నగా డాక్టరమ్మ ఇంటికి పోయి, ఆమె అత్తగారు వెంకటరత్నమ్మ చేతిలో పెట్టాడు.

"కంకిపాడు శౌరయ్య ఇచ్చాడని చెప్పండమ్మా." ఆడవారితో అంతకుమించి ఏం చెప్పగలడు?

అతని గేదె ఈనిందనీ, జున్నుపాలు తెస్తానన్నాడనీ ఆమె విని ఉన్నది. పైగా జలుబు చేసి వాసన తెలియడం లేదు. "ఎన్ని నీళ్ళు కలిపాడో మహానుభావుడు!" అని విసుక్కుంటూ సగం గిన్నెలో పోసి, బెల్లం, ఏలకులు వేసి పొయ్యిమీద పెట్టింది.

పదింటికి శౌరయ్య చేతులూపుకుంటూ ప్రయోగశాలకు వచ్చాడు. "ఇంటికాడ అమ్మగారికి ఇచ్చొచ్చానండి."

ఛాయాదేవి పరుగున బయటికి వచ్చి రిక్షా పిలిచింది.

"నేనూ వస్తాను. లేని గొలుసు ఎలా ఉంటుందో చూద్దాం," అన్నారు కృపానందం. శౌరయ్య వెనకాలే పరుగెత్తాడు.

ఇంట్లో వెంకటరత్నమ్మ గిన్నె పట్టుకొని దేవుడి గది వైపు నడుస్తున్నది. "రండి బాబూ, కూర్చోండి. నైవేద్యం పెట్టి మీకూ తలా కాస్త ఇస్తాను."

"అత్తయ్యగారూ, ఆగండి! అది శౌరయ్యది!"

"తెలుసమ్మాయ్. శౌరయ్య పాలే."

గుమ్మంలో శౌరయ్య తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. "పాలు రేపు తెస్తానన్నానండీ..."

కోడలు చెవిలో చెప్పగానే ఆమె గిన్నెను చేయి చాచినంత దూరంలో పట్టుకొని పెరట్లోకి నడిచింది. "అదా సంగతి! ఏం జున్నిది అనుకున్నా. వేడెక్కితే తెల్లగా పేరింది, మరిగితే నీళ్ళలా తేలిపోయింది, దించితే మళ్ళీ పేరింది. మూడుసార్లు చూశాను!"

కృపానందం లేచి నిలబడ్డారు. "అమ్మా, మరిగితే ఏమైందన్నారు?"

"కరిగింది బాబూ. నేను అబద్ధమాడతానా?"

ఆయన క్యానులో మిగిలినది తెప్పించి, పెరట్లో కుంపటి రాజేయించి తానే కాచారు. పేరింది, కరిగింది, మళ్ళీ పేరింది. కలం తీసి అక్కడే సంతకం చేశారు.

"అయితే నాది మామూలు సరుకు కాదన్నమాట!" అని శౌరయ్య తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

వ్యాసం అచ్చయిన నాడు వెంకటరత్నమ్మ దానిని వీధి వీధంతా చూపించింది. చివర కృతజ్ఞతలలో ఆమె పేరున్నది. ఏలకుల పేరు లేదు.

ఈ కథ విన్నవారికి ధన్వంతరి ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక. వారి ఇంట జున్ను జున్నుగానే ఉండుగాక.