సిద్దిరాములు మూసిన నోరు

పది గంటలకు ఇన్‌స్పెక్టరమ్మ లీలాబాయి వచ్చేలోగా పన్నెండు మంది పిల్లల చేతా పాలపొడి కలిపిన జావ తాగించి, గిన్నెలు కడిగి బోర్లించాలని నర్మద అనుకుంది. మెట్‌పల్లిలో సమితి వాళ్లు కొత్తగా పెట్టిన బాల్వాడీలో ఆమెది ఆర్నెల్ల కచ్చా నౌకరీ. అది పక్కా అయ్యేదీ కానిదీ ఇవాళ తేలుతుంది. పదకొండు మంది తాగేశారు. రెండేళ్ల సిద్దిరాములు మాత్రం నోరు బిగించాడు.

"జర తెరువు బిడ్డా, నా నౌకరి నీ నోట్లె ఉన్నది" అని నర్మద బతిమాలింది. పాట పాడింది. కాకిని చూపించింది. వాడు కాకిని చూశాడు గానీ పెదవులు విడదీయలేదు.

"ముక్కు మూస్తె నోరు అదే తెరుసుకుంటది" అంటూ ఆయా బుచ్చవ్వ వాడి ముక్కు మూసింది. తెరిచిన సందులో నర్మద చెంచా దూర్చింది. వాడు దాన్ని పళ్లతో పట్టుకుని ఇక వదల్లేదు.

నర్మద చెంచా లాగి చూసింది, రాలేదు. "బుచ్చవ్వా, పిల్లగాని దవడ వడి బిగుసుకున్నట్టున్నదే. వాళ్లవ్వను, చంద్రవ్వను పిల్చుకరా."

బుచ్చవ్వ సాలెవాడకు పరుగెత్తింది. మొదటి ఇంటి దగ్గర 'దవడ పడింది' అన్న మాట, వాడ చివరికి చేరేసరికి 'జావ తాగిన పిల్లలందరికీ మాట పడిపోయింది' అయింది. మగ్గాలు ఆగిపోయాయి. తల్లులు వచ్చి ఎవరి పిల్లల్ని వాళ్లు చంకనేసుకుని పోయారు. లీలాబాయి లోపల అడుగు పెట్టేసరికి మిగిలింది ఏడుస్తున్న టీచరు, చెంచా కరిచిన సిద్దిరాములు, రొప్పుతూ వచ్చిన వాడి తల్లి చంద్రవ్వ, ఆమె వెనక బుచ్చవ్వ.

"చెంచ ఇడువు బిడ్డా" అంది చంద్రవ్వ. వాడు విడిచాడు. "ఆనికేం గాలే పంతులమ్మా. పొద్దుగాల రొట్టె తినొచ్చిండు. కడుపు నిండితె నోరు మూస్తడు."

"మరి నాకు చెప్పొద్దా?" అంది నర్మద.

"ఆడు చెప్తనే ఉన్నడు గద."

లీలాబాయి కళ్లద్దాలు సర్దుకుని ఖాళీ గిన్నెల వరుస చూసింది. "అందరి గిన్నెలు ఖాళీ గావాలె అని నీకెవలు చెప్పిండ్రు?"

"పోయిన తాప మీరే చెప్పిండ్రమ్మా" అంది నర్మద, కళ్లు తుడుచుకుంటూ.

లీలాబాయి దగ్గింది. అలా అనలేదంది. అన్నారని బుచ్చవ్వ సాక్ష్యం చెప్పింది. పిల్లల్ని బలిమి చెయ్యొచ్చా లేదా అని నలుగురూ వాదించుకుంటుంటే గంట గడిచింది. అప్పుడు జుర్రుమని చప్పుడు వినిపించింది. ఎవరూ పట్టించుకోని సిద్దిరాములు గిన్నె ముందు చతికిలబడి, రెండు చేతులా జావ తాగుతున్నాడు.

"ఏం జేస్తె తాగిండు?" అని లీలాబాయి గుసగుసగా అడిగింది.

"నేనేం జెయ్యలేదమ్మా."

"రోజు గదే జెయ్యి" అని లీలాబాయి నౌకరీ కాగితం మీద సంతకం పెట్టింది.