ఓదెలు టైర్ల దుకాణ పరిరక్షణ దీక్ష

"చిక్కడపల్లిల ఇగ ఒక్క ఆన్‌లైన్ టైరు గూడ దిగనియ్య!" అని మా డివిజన్ నాయకులు ఉమాకాంత్ గారు మైకులో ప్రకటించారు. టైర్ల గురించి ఇంత లోతుగా ఆలోచించిన నాయకుణ్ణి నేనింతవరకు చూడలేదు.

నారాయణగూడ వెళ్లే దారిలో ఓదెలుకు బైకు టైర్ల దుకాణం ఉంది. అశోక్ నగర్ కోచింగ్ కుర్రాళ్ల నుంచి నాలాంటి రిటైర్డ్ గుమాస్తాల వరకు అందరం ఇప్పుడు టైర్లు ఫోన్లోనే కొంటున్నాం. టైరు ఇంటికొస్తుంది. దాన్ని బండికెక్కించడం మాత్రం ఫోనుకు చేతకాదు. అందుకని భుజాన తగిలించుకుని, సిగ్గు లేకుండా ఓదెలు దగ్గరికే పోతాం. అమ్మకాలు ఎప్పుడో పడిపోయాయి. ఆ బిగింపు కూలితోనే పాపం ఆయన ఇల్లు గడుస్తోంది.

ఉమాకాంత్ గారి బండి టైర్లు కూడా ఓదెలే బిగించాడు. అవీ ఆన్‌లైన్‌వే. శత్రువును అధ్యయనం చేయడమంటే అదీ.

ఉద్యమం మొదటి రోజు ఆన్‌లైన్ కంపెనీ టైరు తగలబెట్టాలనుకున్నారు. ఆర్డర్ పెడితే డెలివరీ ఎల్లుండట. ఉద్యమం ఎల్లుండి దాకా ఆగుతుందా?

"ఓదెలన్నా, జర ఒక టైరియ్యి" అన్నారు ఉమాకాంత్ గారు.

"పాతది ఇయ్యాల్నా సార్?"

"పాతదైతే టీవీల ఏం మంచిగుంటది? కొత్తది తియ్యి!"

ఓదెలు కొత్త టైరు, ఓదెలు దుకాణం ముందే, ఓదెలు కోసమే భగభగా మండింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ కూడా బాగానే వచ్చింది.

తర్వాత నిరాహార దీక్ష. దుకాణం షట్టరుకు అడ్డంగా టెంటు వేశారు. ఎవరు కూర్చోవాలన్న చర్చ వచ్చింది.

"నాకు షుగరున్నది" అన్నారు ఉమాకాంత్ గారు. "బాధితుడే కూసుంటే ఎఫెక్టుంటది."

"నేను కూసుంటే బండ్లెవరు చూస్తరు సార్?" అన్నాడు ఓదెలు.

"నీ దుకాణం కోసమే కదనే ఇదంత!"

ఓదెలు మెడలో పూలదండతో కూర్చున్నాడు. టైర్లు మోసుకొచ్చిన వాళ్లంతా ఆయనకు భక్తిగా దండం పెట్టి, నల్లకుంట వైపు వేరే దుకాణానికి వెళ్లి బిగించుకున్నారు.

చివరికి కంపెనీ మేనేజరు చర్చలకు పిలిచాడు. ఉమాకాంత్ గారు హోటల్లో భోజనంతో సహా చర్చలు ముగించుకొచ్చి మైకందుకున్నారు.

"కంపెనీ దిగొచ్చింది! దీక్ష గెలిచింది!"

టెంటంతా చప్పట్లు. ఆయన తన చేత్తో ఓదెలుకు నిమ్మరసం పట్టించారు. ఓదెలు కళ్లు మూసుకుని గటగటా తాగాడు.

"ఏమొప్పుకున్నరు సార్?" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

"ఇగ మన పబ్లిక్‌కు టైరు మోసుకొని దుకాణాల పొంటి తిరిగే పరేషానే లేదు. కంపెనోళ్లే ఇంటికొచ్చి ఫ్రీగ బిగించిపోతరు!"

జనం లేచి నిలబడి జిందాబాద్ కొట్టారు. నేనూ కొట్టాను.

"అన్నా, ఇటు సూసి జర నవ్వే!" అన్నాడు ఫొటోగ్రాఫర్.

ఓదెలు నవ్వలేదు. తిండి లేక నీరసమేమో అనుకున్నాం.