మలుపు దగ్గర విజిల్

ఆ ఉదయానికి విజిలత్తయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. బడివేళకు తనిఖీ అధికారిని వీధి మలుపులో నిలబెట్టాలి. అక్కడ ఏం జరుగుతుందో ఆయన కళ్లతో ఆయనే చూడాలి. ఆ మలుపుకు ఒక పాత గోడ అడ్డం. అటునుంచి వచ్చే బండి మీదికి వచ్చేదాకా ఇటువాళ్లకు కనబడదు. ఆ గోడ పక్కనున్న ఖాళీ స్థలంలో ఇప్పుడు ఒక బిల్డరు సూపర్ మార్కెట్టు కడతాడట. కార్లు బయటికి వచ్చే గేటు సరిగ్గా బడిపిల్లలు రోడ్డు దాటే చోటనే పెడతాడట. ఆ పిల్లల్లో ఆమె మనవరాలూ ఉంది.

మనవరాలు బడిలో చేరిన నాటినుంచీ అత్తయ్య రెండు పూటలా మెడలో విజిల్ వేసుకుని మలుపులో నిలబడుతూనే ఉంది. ఒక పొడుగు విజిల్ వేస్తే బండ్లు ఆగాలి. రెండు పొట్టివి వేస్తే కదలాలి. ఏదీ వినబడకపోతే దారి ఖాళీ అని అర్థం. అటు వచ్చే డ్రైవర్లందరికీ ఇది అలవాటైపోయింది. ఆమెను ఎవరూ నియమించలేదు. కనుక తొలగించగలవారూ లేరు.

అనుమతుల ఆఫీసువారు మాత్రం ఈ వీధిలో “రద్దీ స్వల్పం” అని తేల్చారు. వారు వచ్చి చూసినది బడికి సెలవైన రోజున, మిట్టమధ్యాహ్నం! ఆ సంగతి తెలిసి అత్తయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆఫీసు మెట్లు అరిగేలా తిరిగి మరో తనిఖీ సాధించింది. ముందురోజు వీధి సంఘం అధ్యక్షుడైన మరిదితో, “రేపు పొద్దున అందర్నీ మలుపు దగ్గరికి రమ్మనవయ్యా” అన్నది. తప్పు అక్కడ జరిగింది. చెప్పిన పనిని చెప్పినంతలో చేయడం ఆ మరిది జాతకంలో లేదు.

తెల్లవారాక ప్రతి గేటులోనుంచీ మనిషికి బదులు కారు బయటికి వచ్చింది.

“ఇదేమిటయ్యా? నేను రమ్మన్నది మనుషుల్ని!”

“మనుషులేం కనబడతారు వదినా? రద్దీ లేదన్నారుగా, రద్దీ అంటే ఏంటో చూపిద్దాం. పక్కవీధి వాళ్లనీ పిలిచా.”

“ఉన్న నిజం చాలదా?”

“పచ్చి నిజం ఎవడు తింటాడు వదినా! కాస్త తాలింపు పడాలి.”

అదే వేళకు బిల్డరు తన తాలింపు తాను వేస్తున్నాడు. వీధి ఖాళీగా కనబడాలని, బండ్లన్నీ పక్కదారిన పోవాలంటూ పెద్దరోడ్డు మీద బోర్డు పెట్టించాడు. ఆ పక్కదారి చుట్టు తిరిగి మళ్లీ ఈ మలుపులోకే వస్తుందని అతనికి తెలియదు. అతను ఈ వీధిలో స్థలం కొన్నాడే గాని, ఏనాడూ ఇందులో నడవలేదు.

ఇక చెప్పేదేముంది? పాలవ్యానూ, గ్యాసు బండీ, మరిదిగారి కారూ మూడు ఎద్దుల్లా కొమ్ములు పెనవేసుకున్నాయి. వాటి వెనక లోకమంతా హారన్ మోగించింది.

“అత్తయ్యా, ముందుకా వెనక్కా?” అని అరిచాడు పాలవ్యాను డ్రైవరు.

“నీ మొహం! ముందు ఇంజను ఆపు. పిల్లలు దాటుతున్నారు, కనబట్లా?”

పొడుగు విజిళ్లు వేస్తూ, బండ్ల సందుల్లోంచి పిల్లల్ని ఒక్కొక్కరినే, సూదిలో దారం ఎక్కించినట్టు, అవతలికి చేర్చింది. మనవరాలు చెయ్యి విదిలించుకుంది. “వదులు నానమ్మా, గంట కొట్టేశారు!”

కారు ఎక్కడో వెనక ఇరుక్కుపోతే, అధికారి చెమటలు కక్కుతూ నడిచి వచ్చాడు. వీధిని తృప్తిగా చూశాడు.

“అబ్బో, బ్రహ్మాండమైన రద్దీ అమ్మా!”

“చూశారుగా. ఇప్పుడు చెప్పండి.”

“ఇంత రద్దీ ఉంటే మా రూల్స్ ప్రకారం ఇది ఇళ్ల వీధి కాదు, బజారు వీధి. షాపుకి అడ్డే లేదు.”

మరిది మొహంలో తాలింపు మాడింది.

“రద్దీ లేకపోతే ప్రమాదం లేదని ఇస్తారు, ఉంటే బజారని ఇస్తారు. మరి మీరు ఇవ్వనిదెప్పుడు నాయనా?”

“కోప్పడకండమ్మా. ఇన్నేళ్లలో ఇక్కడ ఒక్క యాక్సిడెంటు రికార్డయిందా? లేదే!”

“ఎందుకు లేదు? రెండు పూటలా నేనిక్కడ నిలబడి ఊదుతున్నాను కాబట్టి!”

“అది ఫైల్లో ఉండదు కదమ్మా. ఫైల్లో యాక్సిడెంట్లుంటాయి.”

“అంటే ఒక పసిబిడ్డ చక్రం కింద పడితేగాని మీ ఫైలు కళ్లు తెరవదన్నమాట!”

ఆయన వాచీ చూసుకుని, తనిఖీ చూడ్డానికి వచ్చిన బిల్డరు తన స్థలంలో నిలిపిన కొత్త కారు బానెట్ మీదే అనుమతి కాగితానికి సంతకం చేశాడు. బిల్డరు పళ్లికిలించాడు. “అత్తయ్యగారూ, ఓపెనింగుకి రిబ్బను మీరే కత్తిరించాలి.”

“కత్తెర పెద్దది తెప్పించు బాబూ. కత్తిరించాల్సింది రిబ్బనొక్కటే కాదు.”

ఆమె బడివైపు చూసింది. చివరి పిల్లవాడు కూడా లోపలికి వెళ్లాక బడి గేటు మూశారు. అప్పుడు మెడలోని విజిల్ తీసి, సంచిలో వేసి, జిప్పు లాగి, పక్కనున్న దిమ్మ మీద కూర్చున్నది. ఇన్నేళ్లలో ఆమె ఆ మలుపులో కూర్చోవడం అదే మొదలు.

బండ్లు మెల్లగా విడిపోయాయి. అధికారి తన కారెక్కి ఒళ్లో ఫైలు పెట్టుకున్నాడు. ఆ కారు మలుపు తిరగబోతుండగా, బిల్డరు కారు స్థలంలోనుంచి, రేపు గేటు రాబోయే చోటినుంచే, బయటికి వచ్చింది. ఉదయమంతా ఆమె విజిల్‌కే ఆగి, విజిల్‌కే కదిలిన డ్రైవర్లిద్దరూ ఒక్క క్షణం చెవులు రిక్కించారు. పొడుగు విజిల్ వినబడలేదు. దారి ఖాళీ అనుకుని ఇద్దరూ ముందుకు ఉరికారు.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అధికారి కారు బంపర్ మాత్రం ఊడి, వీధి మధ్య దొర్లింది. ఆయన కిందికి దూకాడు. “విజిల్ ఎందుకు వెయ్యలేదమ్మా?”

“ఫైల్లో లేదుగా నాయనా.”

సాయంత్రం బడి వదిలేలోపే, మలుపు వాహనాలకు ప్రమాదకరమైనందున అనుమతి రద్దు చేశామని ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. అందులో పిల్లల ఊసే లేదు.

“గెలిచాం వదినా!” అని మరిది గంతులేశాడు.

“పక్కకి తప్పుకోవయ్యా, పిల్లలు వస్తున్నారు” అని ఆమె సంచి జిప్పు తీసి విజిల్ మెడలో వేసుకున్నది. ఇన్నేళ్లుగా ఆ విజిల్ వినబడని ఆఫీసుకు, బంపర్ చప్పుడు మాత్రం పూట తిరక్కుండానే వినబడింది.