కాలాసెర్రాకు డాక్టరు దొరికాడు

కాలాసెర్రాలో ఊపిరితిత్తుల ఆసుపత్రి కట్టించి తీరతానని మా మేయర్ మంజాఫీకో గారు రేవు మెట్ల మీద నిలబడి, బ్యాండు మేళంతో సహా ప్రకటించారు. ఆయన మాట మీద నిలబడే మనిషి. ఈ ఒక్క మాట మీదే మూడు ఎన్నికల్లో నిలబడ్డారు.

నాలుగోసారి నిజంగానే పునాది తవ్వించారు. అందరికంటే ఎక్కువ సంతోషించింది చేపలమ్మే అగాత. ఆమె భర్త నూన్సియో ముప్పై ఒక్క ఏళ్లు మా ఊరి చమురు రిఫైనరీలో పనిచేసి, ఇప్పుడు రెండో అంతస్తులో ఉన్న తన ఇంటికి చేరేలోపు మెట్ల మీద నాలుగుసార్లు కూర్చుంటున్నాడు.

రెండు మీటర్లు దిగగానే గడ్డపారకు రాయి తగిలింది. సిసిలీలో ఎక్కడ తవ్వినా ఏదో ఒకటి తగులుతుంది, రిఫైనరీ వాళ్లు ట్యాంకుల కోసం తవ్వినప్పుడు తప్ప. కతానియా నుంచి ఒక పండితుడు వచ్చి, ఇది ఇరవై నాలుగు వందల ఏళ్ల నాటి గ్రీకు వైద్యుడి సమాధి ఫలకమని తేల్చాడు. చట్టప్రకారం పని ఆగిపోయింది.

మేయర్ గారు కుంగిపోలేదు. పత్రికలవాళ్లను పిలిచి, ఇంత పాత డాక్టరు ఇటలీలో ఇంకే ఊరికున్నాడో చెప్పమన్నారు. ఏడాది తిరిగేలోపు అక్కడే మ్యూజియం లేచింది. అందులో టికెట్లు చింపే ఉద్యోగం నాకే వచ్చింది కనుక, ఈ విషయంలో నేను నిష్పక్షపాతంగా మాట్లాడగలను.

ప్రారంభోత్సవానికి నెల ముందు అగాత మేయర్ గారిని కాఫీ కొట్లో పట్టుకుంది.

"మరి మా ఆయన్ని ఎవరు చూస్తారండీ?"

"సిన్యోరా, ఆ డాక్టరు రెండు వేల నాలుగు వందల ఏళ్లు ఆగాడు. మీరు కాస్త ఆగలేరా?"

"ఆయన పోయాక ఆగాడు బాబూ. మా ఆయన బతికుండి ఆగాలి."

మేయర్ గారు ఆమె చమత్కారానికి మెచ్చి కాఫీ తెప్పించారు.

ఇంతలో పిడుగులాంటి వార్త. రిఫైనరీ పొగకు ఫలకం మీది అక్షరాలు పొడిపొడిగా రాలుతున్నాయని పండితుడు ఉత్తరం రాశాడు. మేయర్ గారి కళ్లు తడవడం అప్పుడే చూశాను. పదిహేను రోజుల్లో గాలిని శుద్ధి చేసే యంత్రం మిలాన్ నుంచి దిగింది. ఫలకం ఉన్న గదికి ఒకదాని వెనక ఒకటిగా రెండు తలుపులు, కిటికీలకు రబ్బరు అంచులు బిగించారు.

ప్రారంభోత్సవం రోజు ప్రవేశం ఉచితం కదా అని అగాత భర్తను తీసుకొచ్చి ఫలకం ముందు బల్ల మీద కూర్చోబెట్టింది. కాసేపటికి నా దగ్గరికొచ్చి, "విన్నారా?" అని మెల్లగా అడిగింది.

నాకేమీ వినబడలేదన్నాను.

"అదే చెబుతున్నా. పావుగంటైంది, దగ్గలేదు."

మర్నాడు ఇద్దరూ ఫ్లాస్కుతో వచ్చారు. వారం తిరిగేసరికి రిఫైనరీ వీధి వాళ్లంతా మడత కుర్చీలు తెచ్చుకున్నారు. నెలయ్యేసరికి గదిలో కాలు పెట్టే సందు లేదు.

ఈ జనాన్ని చూపించడానికి మేయర్ గారు రోమ్ నుంచి ఒక మంత్రి గారిని తీసుకొచ్చారు. తలుపు దగ్గరే ఆపి, "చూడండి, ప్రాచీన సంస్కృతి అంటే మావాళ్లకు ప్రాణం," అన్నారు గొంతు తగ్గించి.

ఫలకానికి వీపు ఆనించి కళ్లు మూసుకున్న నూన్సియోను చూపించి, ఆయన ఏ విశ్వవిద్యాలయంలో ఆచార్యులని మంత్రి గారు అడిగారు.

వేళ కావడంతో నేను మూసే గంట కొట్టాను. ఎవరూ లేవలేదు. మళ్లీ కొట్టబోతుంటే అగాత పెదవుల మీద వేలు పెట్టి నన్ను ఆపింది. వాళ్లాయనకు నిద్రపట్టిందట.