నీ అంతు వింటా!

అంధుల కోసం ఆట తయారుచేసేటప్పుడు పొరపాటున కూడా అంధులను అడగకూడదు. అడిగితే చెప్పేస్తారు! చెప్పేస్తే పని అయిపోతుంది. పని అయిపోతే ఇక కమిటీ ఎందుకు?

కమిటీ అనగానే మీరు మొహం చిట్లిస్తారని నాకు తెలుసు. కాలయాపన అంటారు, కాలక్షేపం అంటారు. మీ అజ్ఞానానికి జాలిపడుతున్నాను. ఈ కాలపు మనిషికి దక్కిన వరాల్లో కమిటీని మించింది లేదని ఈరోజు నిరూపించి తీరతాను. నేను ఒకదానికి అధ్యక్షుణ్ని కాబట్టి ఆ అర్హత నాకుంది.

మాది ఆడియో గేమ్‌లు తయారుచేసే కంపెనీ. బొమ్మలుండవు, అంతా చప్పుడే. హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే కుడి చెవిలో ఏరు పారుతుంది, ఎడమ చెవిలో పులి గాండ్రిస్తుంది, వెనకనుంచి రాక్షసుడు తరుముతాడు. చెవులతోనే దారి పట్టుకుని అడవి దాటాలి. చూపు లేనివాళ్లు ఎవరి సాయమూ లేకుండా ఆడుకోవాలన్నది మా ఆశయం. గోడమీద పెద్ద అక్షరాలతో రాసి, ఫ్రేము కట్టించి పెట్టుకున్నాం కూడా.

ఈ ఆశయం మా పిన్నికి తెగ నచ్చింది. పిన్నికి పుట్టుకనుంచీ చూపు లేదు. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. ఫోన్లో ఏ ఆట దొరికినా ఎక్కడో ఒకచోట పక్కవాళ్లు వచ్చి వేలు పెట్టాల్సిందే. అది ఆవిడకి మహా మంట. "ఒక్క ఆటైనా నా వేలితో నేనే మొదలుపెట్టి, నేనే ఓడిపోవాలిరా" అంటుంది. ఆవిడ కోరిక అంతే.

"ఎందాకా వచ్చిందిరా మీ ఆట? ఒకసారి నా చేతికివ్వరాదూ?" అని రోజూ అడిగేది. "కంపెనీ రహస్యం పిన్నీ" అనేవాణ్ని. వృత్తి ధర్మమంటే అదీ!

ఆట చేయడం మాటలనుకుంటున్నారా? మా సౌండ్ ఇంజనీరు నెలరోజులపాటు హెడ్‌ఫోన్స్ తిరగేసి పెట్టుకున్నాడు. ఏరు కుడివైపు ఉందని ఎడమకు తప్పుకున్న ప్రతివాడూ తిన్నగా వెళ్లి ఏట్లో పడ్డాడు. పులి గొంతుకి పులి దొరక్క మా వాచ్‌మన్ గురక రికార్డు చేశాం. తీరా వింటే అది పులిని మించిపోయింది, సగానికి తగ్గించాల్సి వచ్చింది.

ఇవన్నీ ఉత్త చిల్లర చిక్కులు. అసలు చిక్కు ఒకరోజు డైరెక్టరుగారికి స్నానం చేస్తుండగా తట్టింది. ఆట మొదట్లో ఒక గొంతు "కాస్త ఎదురు చూడండి" అంటోంది. చూపు లేనివాళ్లను పట్టుకుని చూడమంటామా? ఎంత ఘోరం! ఆయన తల కూడా తుడుచుకోకుండా సర్క్యులర్ పంపించారు. "ఇకమీదట మన ఆటలో ‘చూడు’ అనే మాట ఎక్కడా కనబడకూడదు."

"మరి ‘కనబడకూడదు’ అనొచ్చా సార్?" అని అడిగింది రిసెప్షనిస్టు. దాంతో సర్క్యులర్‌ని వెనక్కి తీసుకుని, మాటల కమిటీ వేసి, నన్ను అధ్యక్షుణ్ని చేశారు.

మీరెప్పుడైనా గమనించారా? మన భాషలో చూడకుండా ఒక్క పనీ జరగదు. ఉప్పు నాలుకతో చూస్తాం. జ్వరం చేత్తో చూస్తాం. పాట విని చూస్తాం, చొక్కా తొడిగి చూస్తాం, పని దొరక్కపోతే పని చూసిపెట్టమని పదిమందిని అడుగుతాం. అన్నిటినీ రాళ్లు ఏరినట్టు ఏరిపారేశాం. "కాస్త ఎదురు వినండి" అని మార్చాం. "మళ్లీ ప్రయత్నించి వినండి" అని మార్చాం.

రాక్షసుడి దగ్గరికి వచ్చేసరికి గండం ఎదురైంది. వాడు హీరోని పట్టుకుని "నీ అంతు చూస్తా!" అని గర్జించాలి. కమిటీ ఏకగ్రీవంగా "నీ అంతు వింటా!" అని సవరించింది. గొంతిచ్చే ఆయన అనుభవం ఉన్న పెద్దమనిషి. పద్దెనిమిది టేకులు తిన్నాడు. పంతొమ్మిదో టేకులో వచ్చే నవ్వుని దగ్గుగా మార్చుకున్నాడు. అదే ఖాయం చేశాం. ఇప్పుడు మా రాక్షసుడికి దగ్గు.

అక్కడితో ఆగితే అది కమిటీ ఎలా అవుతుంది? రెండో నెలలో ‘కన్ను’ మీద పడ్డాం. "కనుక" తీసేశాం, అందులో కను ఉంది కనుక. "కనీసం"ని అనుమానం మీద నిలిపివేశాం. "కన్నతల్లి" దగ్గర కమిటీ రెండుగా చీలిపోయింది. కుర్చీలు లేచాయి! చివరికి ఓటింగు పెట్టాం. తల్లి మూడు ఓట్ల తేడాతో ఓడిపోయింది.

సంస్కరణ ఇంటినుంచే మొదలవ్వాలి కదా. ఒక సాయంత్రం పిన్ని "కాస్త గోల ఆపరా, సీరియల్ చూస్తున్నాను" అంది. నేను మెల్లగా మందలించాను.

"పిన్నీ, ఆ మాట అనకూడదు. అంధులు నొచ్చుకుంటారు."

"ఏ అంధులురా?" అంది పిన్ని.

చెప్పానా? అందుకే అడగకూడదనేది!

ఇంత మహాయజ్ఞం జరుగుతుంటే మా ప్రోగ్రామరమ్మాయి ఒకటే నస. "సార్, మన బటన్లకి పేర్లు పెట్టలేదు. చూపు లేనివాళ్లు వేలు ఆనిస్తే ఫోను ఆ బటన్ పేరు చదివి చెప్తుంది. పేరు లేకపోతే ఉత్తి ‘బటన్’ అంటుంది. ఏది నొక్కాలో వాళ్లకెలా తెలుస్తుంది?"

"అజెండాలో లేదమ్మా" అన్నాను. మూడు నెలల్లో మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ పెడచెవిన పెట్టాను. అధ్యక్షుడికి క్రమశిక్షణ ముఖ్యం.

విడుదల రోజు వచ్చింది. హాలు నిండింది. మొదటి ఆట ఆడే గౌరవం డైరెక్టరుగారు మా పిన్నికిచ్చారు. పిన్ని వేదికెక్కి కూర్చుని, రుమాలుతో వేలు తుడుచుకుని, ఫోను మీద ఆనించింది.

"బటన్" అంది ఫోను.

వేలు జరిపింది. "బటన్." ఇంకాస్త జరిపింది. "బటన్." మొత్తం పన్నెండు బటన్లు, పన్నెండూ కవలలు! ధైర్యం చేసి ఒకటి నొక్కింది. ఆట మూసుకుపోయింది. మళ్లీ తెరిచి ఇంకొకటి నొక్కింది. భాష మారిపోయింది.

డైరెక్టరుగారు ఒక్క ఉదుటున వచ్చి, "ఇదిగోనమ్మా, ఇక్కడ, ఈ పచ్చది నొక్కండి" అన్నారు.

"పచ్చది ఏమని అరుస్తుంది నాయనా?" అంది పిన్ని.

ఆయన ఇక లాభం లేదని తన వేలు చాచారు. పిన్ని ఫోనుని ఒళ్లోకి లాక్కుంది. "వద్దు. ఇవాళ కూడా ఎవరి వేలూ వద్దు నాకు" అంది. గొంతు వణికింది. పిన్ని గొంతు వణకడం అంతకుముందు నేనెన్నడూ వినలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. వ్యాసానికి సంబంధం లేని విషయం, వదిలేయండి.

ప్రోగ్రామరమ్మాయి అప్పటికే వేదిక అంచున కూర్చుని లాప్‌టాప్ తెరిచింది.

"ఎంతసేపు పడుతుందమ్మా?" అన్నాను.

"పది నిమిషాలు సార్. మొదటి నెల్లోనే చెప్పాను."

తొమ్మిది నిమిషాలకే అయిపోయింది. పిన్ని వేలు ఆనించింది. "మొదలుపెట్టు" అంది ఫోను. పిన్ని నొక్కింది. అడవిలో జోరుగా సాగిపోతుంటే వెనకనుంచి రాక్షసుడు "నీ అంతు వింటా!" అని గర్జించి, దగ్గాడు. పిన్ని పగలబడి నవ్వింది. ఆ నవ్వులో పులి ఎటునుంచి వస్తోందో వినిపించుకోక ఓడిపోయింది. ఎవరినీ పిలవకుండా మళ్లీ తనే మొదలుపెట్టింది.

మర్నాడు ఈ ఘనవిజయం మీద నివేదిక రాయమని డైరెక్టరుగారు నన్ను కోరారు. పన్నెండు పేజీలు రాశాను. సమావేశాలు, సవరణలు, తల్లికి పడిన ఓట్లతో సహా ఒక్కటీ వదల్లేదు. ఇంటికొచ్చి పిన్నికి చదివి వినిపించాను. చివరిదాకా ఓపిగ్గా వింది.

"బాగా రాశావురా. ఇందులో నేనెక్కడున్నాను?" అంది.

పన్నెండు పేజీలూ తిరగేసి చూశాను. ఎక్కడా కనబడలేదు.