చివరి వాక్యం తీసేయండి

సోమవారం పొద్దున ఎల్డన్ హాస్కెట్ పెట్టుకున్న పని ఒక్కటే: కాలేజీ వెబ్‌సైట్‌లో తన పేజీ నుంచి చివరి వాక్యం తీయించడం. ఐయోవాలోని ఆ చిన్న లా కాలేజీలో ఆయన ముప్పై ఒక్క ఏళ్లుగా ఆస్తి చట్టం చెబుతున్నాడు. ఆయన చదివిన చదువులు, ఒక జడ్జి దగ్గర చేసిన ఏడాది కొలువు, కంచె తగాదాల మీద రాసిన రెండు పుస్తకాలు పేజీలో వరసగా ఉంటాయి. ఆఖరున, అందరి పేజీల్లోలాగే ఇంటి ముచ్చట: 'భార్య లెనోర్‌తో, రెండు కుక్కలతో నివసిస్తున్నారు.' లెనోర్ పోయి రెండేళ్లయింది. కుక్కల్ని ఆమె చెల్లెలు తీసుకెళ్లింది. వాక్యం మాత్రం నిక్షేపంగా ఉంది.

"ఆ చివరి వాక్యం తీయించమ్మా" అని సెక్రటరీ డార్లీన్‌కు చెప్పాడు.

"అదెంత పని ప్రొఫెసర్ గారూ!" అంది డార్లీన్.

కంప్యూటర్ విభాగం వారి ఫారంలో ఉన్నవి రెండే గడులు: చేర్చాలి, తీసేయాలి. ఆమె రెండోదానికి టిక్కు పెట్టింది. మధ్యాహ్నానికి పేజీ మొత్తం మాయమైంది.

లా కాలేజీల్లో మార్చి నెలలో ఒకరి పేజీ మాయమైతే, వాళ్లను ఏదో పెద్ద యూనివర్సిటీ ఎగరేసుకుపోయిందనే లెక్క. మూడు గంటలకల్లా పక్కగది ప్రెవిట్ కొలతల టేపు పట్టుకుని దిగాడు. పన్నుల చట్టం చెప్పే ఆయన గదికి కిటికీ లేదు.

"గుట్టుగా కానిచ్చావే మహానుభావా! ఎక్కడికేంటి, తూర్పు తీరమేనా?"

"ఎవరు వెళ్తున్నారయ్యా?"

"సరే సరే, చెప్పకులే. కాస్త పక్కకి జరుగు, కిటికీ కొలుచుకుంటాను. పరదా కుట్టించాలి."

ఆ వెనకే డీన్ గ్వెన్ స్ట్రాండ్ వచ్చింది. "మీరింత పని చేస్తారనుకోలేదు ఎల్డన్. ఎక్కడికని అడగను, మర్యాద కాదు. గురువారం మా ఇంటికి భోజనానికి రండి."

ఎల్డన్ నిజం చెప్పడానికే నోరు తెరిచాడు. లెనోర్ చనిపోయిన వారం అందరూ కూర గిన్నెలతో వచ్చారు. ఖాళీ గిన్నెలు పట్టుకెళ్లాక మళ్లీ ఎవరూ తలుపు తట్టలేదు. తెరిచిన నోటితో ఆయన, "ఏం తెమ్మంటారు?" అన్నాడు.

ఆ తర్వాత అడిగిన వాళ్లందరికీ నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వులోంచి బుధవారానికి మూడు యూనివర్సిటీలు పుట్టాయి. గురువారం డీన్ ఇంట్లో రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. నిజం చెబితే మళ్లీ ఆ ఒంటి కంచమే కదా అని శుక్రవారం దాకా లాక్కొచ్చాడు. శుక్రవారం వీడ్కోలు కేకు వచ్చేసింది.

డార్లీన్ ఎప్పుడో అచ్చు తీసి దాచిన పాత పేజీని డీన్ గొంతు సవరించుకుని చదివింది. చదువులైపోయాయి, జడ్జి దగ్గర కొలువూ అయిపోయింది, కంచెల దగ్గర అందరూ నవ్వారు. అదే ఊపులో, "భార్య లెనోర్‌తో, రెండు..." అని చదివి ఆగిపోయింది. అక్కడున్న వాళ్లలో సగం మంది లెనోర్ అంత్యక్రియలకు వచ్చినవాళ్లే.

"ఆ ఒక్క వాక్యం తీయమన్నానండీ" అన్నాడు ఎల్డన్. "నన్నెవరూ పిలవలేదు, నేనెక్కడికీ వెళ్లడం లేదు. మీరంతా వచ్చి మాట్లాడుతున్నారు కదాని నోరు మూసుకున్నాను. ఇంట్లో పలకరించే దిక్కు లేదు."

డార్లీన్ కళ్లు తుడుచుకుంది. ప్రెవిట్, "మరి నా పరదా?" అన్నాడు.

సోమవారానికి పేజీ తిరిగి వచ్చింది, చివరి వాక్యంతో సహా. ఎల్డన్ దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. తీయమని ఈసారి ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం ప్రెవిట్ పరదా తెచ్చి తనే తగిలించాడు. కుర్చీ లాక్కుని కిటికీ పక్కన భోజనం డబ్బా విప్పాడు.

"రోజూ ఇక్కడే తింటాను. అభ్యంతరం చెప్పకుండా పదేళ్లు ఊరుకున్నావో, కిటికీ నాదే. నీ ఆస్తి చట్టమే చెబుతోంది."

ఎల్డన్ ఇంతవరకూ అభ్యంతరం దాఖలు చేయలేదు.