ఉక్కుగుండె గారి పన్ను

మా ఊరి దంతవైద్యశాల రికార్డుల ప్రకారం ఒకావిడ పదకొండేళ్లుగా నాలుగో నెల గర్భిణి. ఆమె ఆరోగ్యం నిలకడగా ఉందని ఆరునెలలకోసారి అధికారికంగా ధ్రువీకరిస్తూనే ఉన్నారు.

పద్ధతి చాలా పకడ్బందీగా ఉంటుంది. మొదటిసారి వచ్చినవారు రెండు పేజీల ఫారం నింపాలి. ఏ జబ్బులున్నాయి, ఏ మాత్రలు వాడుతున్నారు, ఎక్కడెక్కడ కోతలు పడ్డాయి, ఏ మందు పడదు, అన్నీ రాయాలి. తర్వాత ఆరునెలలకోసారి ఆ వివరాలను సరిచూడాలని నియమం. ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించడానికి రిసెప్షన్ గుమాస్తా దగ్గర ఒక రబ్బరు ముద్ర ఉండేది. దాని మీద 'మార్పు లేదు' అని ఉండేది.

"ఏమైనా మార్పులున్నాయా?" అని అడుగుతూనే ఆయన ముద్ర గుద్దేవాడు. రోగి నోరు తెరిచేది ఎలాగూ లోపలికి వెళ్లాకే కదా, ఇక్కడ తెరిపించి శ్రమ పెట్టడమెందుకని ఆయన ఉద్దేశం. ఒక పెద్దమనిషి ఫైలు మీద, ఆయన కాలం చేశాక కూడా రెండు ముద్రలు పడ్డాయి. మొత్తం బీరువాలో అక్షరాలా నిజమైనవి ఆ రెండే.

రోగుల సహకారం కూడా మెచ్చుకోదగ్గదే. కౌంటరు ఎదురుగా పద్నాలుగు కుర్చీలుంటాయి. పద్నాలుగు జతల చెవులు వింటుండగా తన జబ్బుల చిట్టా చదవడానికి మర్యాదస్తుడెవడూ ఒప్పుకోడు. పైగా బీపీ, షుగరు అందరికీ ఉండేవే కాబట్టి మా ఊళ్లో అవి జబ్బుల కిందికి రావు.

ఇంత సజావుగా సాగుతున్న వ్యవస్థలోకి కొత్త డాక్టరమ్మ వచ్చింది. చేరిన రోజే ఫైళ్లు చదివింది. ఆ వైద్యశాల చరిత్రలో అలాంటి పని ఎవరూ చేయలేదు. రెండో రోజు రబ్బరు ముద్రను సొరుగులో పడేసి తాళం వేసింది. గుమాస్తా ఆ పూట అన్నం తినలేదని ప్రత్యక్షసాక్షులు చెప్పారు.

మూడో రోజు, బుధవారం పదకొండు గంటలకు, ఉక్కుగుండె గారు భార్యాసమేతంగా విచ్చేశారు.

ఆయన మా ఊరి నిర్మాత్ర సంఘానికి అధ్యక్షులు. జీవితంలో మాత్ర మింగనివారి సంఘం అది. సభ్యులు అరవై ఇద్దరు. రోజూ పొద్దున్నే పార్కులో నడుస్తారు, ఆపైన అధ్యక్షోపన్యాసం వింటారు. ఎక్కువగా అలిసిపోయేది రెండోదానికే. 'ఉక్కుగుండె' సంఘం ఏకగ్రీవంగా ఇచ్చిన బిరుదు. ఆదివారం మళ్లీ ఎన్నిక ఉంది. ఆ కుర్చీ మీద మూడేళ్లుగా కన్నేసిన ఉపాధ్యక్షుడు, సరిగ్గా ఆ బుధవారమే, చిగురు వాచి వరండాలో కూర్చున్నాడు. పక్కన ఇద్దరు సభ్యులు కూడా ఉన్నారు.

ఉక్కుగుండె గారి కుడి బుగ్గ నిమ్మకాయంత పొంగింది. లోపల కుర్చీలో పడుకోబెట్టారు. వరండాకీ గదికీ మధ్య ఉన్నది ప్లైవుడ్ అడ్డు మాత్రమే, అదీ పైకప్పు దాకా వెళ్లదు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

"సార్, మీ ఫారం పదిహేనేళ్ల కిందటిది. కొత్తది రాద్దాం," అంది డాక్టరమ్మ. "బీపీ ఉందా?"

"అదెలా ఉంటుందో కూడా తెలీదమ్మా."

"షుగరు?"

"కాఫీలో రెండు చెంచాలు."

"మాత్రలేమైనా వాడుతున్నారా?"

ఆయన కుర్చీలోంచి సగం లేచారు. బుగ్గ పట్టుకుని, ముఖం ప్లైవుడ్ వైపు తిప్పి అందుకున్నారు. "అరవై మూడేళ్ల ఈ జీవితంలో, ఈ దేహం అనే కోటలోకి, మాత్ర అనే శత్రువు ఒక్కటంటే ఒక్కటి కూడా ప్రవేశించలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను!"

అడ్డుకు అవతల ఇద్దరు చప్పట్లు కొట్టారు. ఉపాధ్యక్షుడు కొట్టలేదు.

డాక్టరమ్మ స్టూలు మీద కూర్చున్న ఆయన భార్య వైపు తిరిగింది. "అమ్మా, మీరు చెప్పండి."

"ఆయనకేం లేవమ్మా. ఉన్నవన్నీ నాకే," అందావిడ ఒళ్లో చేతిసంచీ సర్దుకుంటూ. "బీపీ, షుగరు, మూడేళ్ల కింద గుండెకి రెండు స్టెంట్లు వేశారు. రక్తం పలచబడ్డానికి రోజూ మాత్రలు."

రెండేళ్ల కిందట ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు నింపిన ఫారం తీయిస్తే అన్నీ అలాగే ఉన్నాయి. ఆ జబ్బులు ఆవిడే నోటితో చెప్పడంతో, ఫైలు చదవని పాత డాక్టరు కూడా ఆవిడకు పళ్లు శుభ్రం చేయడం మూడుసార్లు వాయిదా వేశాడు. గుండె డాక్టరు దగ్గర్నుంచి ఉత్తరం తెమ్మన్నాడు. ఆ ఉత్తరం నేటికీ రాలేదు. ఆ గుండె డాక్టరు ఆవిణ్ని రోగిగా ఎన్నడూ చూసి ఉండకపోవడమే అందుకు కారణం.

డాక్టరమ్మ మత్తు సూది చేతిలోకి తీసుకుంది. దీపం దగ్గరికి లాగింది. ఆ వెలుగులో ఆయన గడ్డం కింద ఒక దూదిముక్క కనిపించింది.

"ఇదేంటి సార్?"

"గడ్డం గీసుకుంటుంటే కాస్త తెగింది."

"ఎప్పుడు?"

"ఆరింటికి."

గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. డాక్టరమ్మ దూది తీసింది. తన వంతు కోసమే కాచుకున్నట్టు ఒక ఎర్రటి చుక్క నెమ్మదిగా బయటికొచ్చింది. ఆ గదిలో నిజం చెప్పిన మొదటి సాక్షి అదే.

సూది ట్రేలో పెట్టేసింది. గొంతు తగ్గించింది. "సార్, ఇంత చిన్న గాటుకే ఐదు గంటలైనా రక్తం ఆగలేదు. విషయం తెలియకుండా నేను దవడ పన్ను పీకితే ఆ గుంటలోంచి వచ్చేదాన్ని ఎలా ఆపమంటారు? తెలిస్తే తగిన జాగ్రత్త పడి నిక్షేపంగా పీకుతాను. చెప్పండి. ఆ మాత్రలెవరివి?"

ఆయన ప్లైవుడ్ వైపు చూశారు. ఉపన్యాసం రాలేదు. "ఆదివారం ఎన్నిక తల్లీ," అన్నారు, దాదాపు ఏడుపు గొంతుతో.

"ముందు మీరు ఆదివారం దాకా ఉండాలి కదండీ!" అని ఆయన భార్య స్టూలు మీంచి లేచింది. మూడేళ్లుగా గుసగుసలాడీ ఆడీ విసిగిపోయిన గొంతేమో, ఒక్కసారిగా పైకి లేచింది. "మాత్రలు నా పేరు మీదున్నాయమ్మా, మింగేది ఆయన! స్టెంట్లు ఆయనవే, షుగరు ఆయనదే. నా గుండెకేం లేదు, గుండ్రాయిలా ఉంది. ఆయన గుండెలోనే రెండు లోహపు ముక్కలున్నాయి. బిరుదేమీ అబద్ధం కాదులే!"

వరండాలో కుర్చీలు ఒక్కసారిగా కిర్రుమన్నాయి. ఉక్కుగుండె గారు కళ్లు మూసుకున్నారు. పదవి పోయిన శబ్దం కోసం చెవులు రిక్కించారు.

ఉపాధ్యక్షుడి గొంతు వినిపించింది. "వదినగారూ, ఆ రక్తం పలచబడే మాత్ర పొద్దున వేసుకోవాలా, రాత్రి వేసుకోవాలా? మా ఆవిణ్ని డాక్టరు రాత్రి వేసుకోమన్నాడు."

"మా ఆవిణ్ని పొద్దున్నే వేసుకోమన్నారే!" అన్నాడు పక్కనున్న సభ్యుడొకడు కంగారుగా.

డాక్టరమ్మ గుండె డాక్టరుకు ఫోన్ చేసింది. మాత్రలు ఆపొద్దన్నాడాయన. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, మర్నాడు పన్ను పీకి, రెండు కుట్లు వేసి, దూదిగుడ్డ గట్టిగా కరిచి పట్టుకోమంది. ఆ కారణంగా అధ్యక్షులవారు గంటసేపు మాట్లాడలేదు. సంఘం ఆ గంటను విశ్రాంతిదినంగా పాటించింది.

ఆదివారం ఆయన ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. "మాత్ర ఎవరి పేరు మీద ఉందన్నదే ధర్మం. ఎవరి కడుపులోకి వెళ్లిందన్నది కేవలం సాంకేతిక విషయం," అని ఉపాధ్యక్షుడే తీర్మానం ప్రతిపాదించాడు. అరవై ఇద్దరూ చేతులెత్తారు. కొందరు రెండేసి ఎత్తారు.

డాక్టరమ్మ తెలివైనది. మగవాళ్ల ఫారంలో 'మీ జబ్బులు' అన్న గడి కొట్టేసి 'మీ ఆవిడ జబ్బులు' అని అచ్చు వేయించింది. ఆ వారం నుంచి నిజాలు వరదలై పారాయి. చోటు చాలక అదనపు కాగితాలడిగారు. ప్రస్తుతం రికార్డుల ప్రకారం మా ఊళ్లో మగవాళ్లందరూ నిక్షేపంలా ఉన్నారు. ఇరవై ఇద్దరు ఇల్లాళ్లకు ప్రోస్టేటు గ్రంథి వాచింది. తొమ్మిదిమంది బట్టతలకు మందు రాసుకుంటున్నారు. అయినా ఒక్క ప్రమాదం జరగలేదు, ఒక్క పన్ను వికటించలేదు.

ఈమధ్య అధ్యక్షులవారి భార్య ఒక్కతే వచ్చింది. ఎడమవైపు పన్ను ఎన్నాళ్లుగానో సలుపుతోందట. డాక్టరమ్మ కొత్త ఫారం తీసింది. ఆవిడ గుక్క తిప్పుకోకుండా చెప్పింది: బీపీ, షుగరు, రెండు స్టెంట్లు, మాత్రల పేర్లు, ఏది అన్నానికి ముందు, ఏది తర్వాత.

"అవన్నీ ఆయనవమ్మా. మీవి చెప్పండి."

ఆవిడ మోకాలు నిమురుకుంది.

"నావా? ఎవరూ అడగలేదమ్మా ఇంతవరకూ. ఇంటికెళ్లి ఆయన్నడిగి చెప్తాను."

అధ్యక్షులవారిని అడిగి వారం దాటింది. ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. నవ్వకండి. మీ ఇంట్లో ఆవిడ రోజూ వేసుకునే మాత్ర పేరు మీరు చెప్పండి చూద్దాం.